కొయ్యముక్కల పటం

రాజ్యాల చరిత్రను విస్తరించి వ్రాసినవారు ఆటవస్తువుల చరిత్రను అంతగా పట్టించుకోలేదు. పిల్లల పెట్టెలో పడి ఉండే వస్తువుకు చరిత్ర ఏముంటుందన్నది వారి అభిప్రాయం కావచ్చును. అయినప్పటికీ ఒక్కొక్క ఆటవస్తువు తాను పుట్టిన కాలపు ఆలోచనను రాజశాసనాల కంటె స్పష్టంగా తెలియజేస్తుంది. పలుచని చెక్కపై ఒక పటాన్ని అంటించి, సన్నని రంపంతో దానిని ముక్కలుగా కోసి, ఆ ముక్కలను మరల యథాస్థానంలో కూర్చుమని చేతికిచ్చే వినోదం అటువంటిది. దీనిని నేడు లోకం జిగ్సా పజిల్ అంటున్నది. దీనికి రెండున్నర శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉన్నది. ఇది పుట్టినది ఆటస్థలంలో కాదు, పాఠశాలలో. దాని తొలి కోతలు రాజ్యాల సరిహద్దుల వెంబడి సాగినవి. ఆ రంపం సరిహద్దును విడిచి పనివాని ఊహ వెంట నడవడం మొదలుపెట్టిన తరువాతనే అది ఒక కళ అయినది. ఈ మార్పు ఎట్లా జరిగినదో తెలిస్తే, చేతికోత పటాలను ప్రాణంగా చూసుకొనే అభిరుచిపరులు వాటిలో దేనిని మెచ్చుకొంటారో, దేనిని తిరస్కరిస్తారో కూడా బోధపడుతుంది.

ఈ వినోదానికి ఆద్యుడుగా సాధారణంగా జాన్ స్పిల్స్‌బరీ పేరు చెబుతారు. 1739లో జన్మించిన ఇతడు లండన్ నగరంలో భూపటాలను రాగిరేకులపై చెక్కే వృత్తిలో పెరిగినవాడు. మూడవ జార్జి రాజుకు భూగోళవేత్తగా పేరొందిన టామస్ జెఫ్రీస్ వద్ద శిష్యరికం ముగించి, 1760 ప్రాంతంలో డ్రూరీ లేన్ చెంతనున్న రసెల్ కోర్టులో స్వంత వ్యాపారం ప్రారంభించాడు. భూపటాన్ని పలుచని మహాగని పలకపై అంటించడం, దేశాల ఎల్లల వెంబడి చేతిరంపంతో కోయడం, ఆ ముక్కలను పెట్టెలో పెట్టి అమ్మడం అతని పని. 1763లో వెలువడిన లండన్ వృత్తిదారుల సూచికలో, భూగోళ విద్యను సులభం చేయడానికై పటాలను కొయ్యపై ఖండించేవానిగా అతని పేరు కనబడుతున్నది. ప్రపంచం, నాలుగు ఖండాలు, ఇంగ్లండు వేల్సులు కలిపి ఒకటి, స్కాట్లండు, ఐర్లండు అని ఎనిమిది పటాలను అతడు తయారుచేశాడు. సముద్రభాగాన్ని విడిచిపెట్టిన పటాలను తక్కువ వెలకు అమ్మినాడు. 1769లో, ఇంకా ముప్పది యేండ్ల ప్రాయంలోనే మరణించాడు.

స్పిల్స్‌బరీ ఒక్కడే దీనికి మూలపురుషుడని ఇప్పటి పరిశోధకులు అంగీకరించడం లేదు. ‘సుందరి - మృగము’ కథను 1756లో జనం మెచ్చిన రూపంలో ప్రచురించిన ఫ్రెంచి ఉపాధ్యాయిని మదామ్ లెప్రాంస్ ద బోమోం ఆ రోజులలో లండన్ ఉన్నత కుటుంబాల బాలికలకు చదువు చెబుతూ ఉండేది. ఆమె కూడా ఆ కాలంలోనే కొయ్య భూపటాలను బోధనలో వాడినట్లు ఆధారాలు లభించినవి. 1762లో రాజకుమారుల సంరక్షకురాలుగా నియమింపబడిన లేడీ షార్లట్ ఫించ్ వాడిన చిన్న మహాగని బీరువా, దానిలోని ముక్కల పటాలతో సహా, నేటికీ బ్రిటన్‌లో భద్రపరచబడి ఉన్నది. ఆ గురువులు, ఆ పనివారు అందరూ ఒకే విశ్వాసంతో పనిచేశారు. కంటితో చదివిన పాఠం మరపునకు వచ్చినా, చేతితో పట్టుకొని తడిమిన పాఠం నిలుస్తుందన్నదే ఆ విశ్వాసం.

ఈ విద్య అందరికీ అందుబాటులో ఉన్నది కాదు. మహాగని చెక్క, చేతిచెక్కడం, చేతికోత, చేతితో వేసిన రంగులు అన్నీ కలిసి పటాన్ని ధనికుల వస్తువుగా చేసినవి. 1814లో వెలువడిన జేన్ ఆస్టిన్ నవల ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో, పేదింటినుండి బంధువుల భవనానికి వచ్చిన ఫానీ అనే బాలికకు యూరప్ పటాన్ని కూర్చడం చేతకాదని ఆమె పెద్దతల్లి కూతుళ్లు వేళాకోళం చేస్తారు. పటం కూర్చడం నేర్చిన పిల్ల, నేర్వని పిల్ల అన్న తేడాతోనే రచయిత్రి రెండు ఇండ్ల సిరి ఎంతటిదో పాఠకులకు తెలియజేసినది. అప్పటికి ముక్కల పటం ఇంగ్లండులో అంతటి పరిచిత వస్తువైనది.

తొలి పటాలలో కోత దేశపు టెల్లను తప్పనిసరిగా అనుసరించేది. ఒక ముక్కకు ఒక రాజ్యం. చాలా పటాలలో ముక్కలు ఒకదానిలో ఒకటి చిక్కుకొనేవి కావు. పక్కపక్కన ఆనుకొని మాత్రమే ఉండేవి, బల్ల కదిలితే చెదరిపోయేవి. స్పిల్స్‌బరీ యూరప్ పటం 1766 నాటిది. అప్పటికి పోలండు ఒక పెద్ద రాజ్యం. 1772లో, 1793లో, 1795లో దాని ఇరుగుపొరుగు రాజులు ముగ్గురు ఆ దేశాన్ని పంచుకొన్నారు. ఇరువది యేండ్లు దాటిన పటంతో పాఠం నేర్చుకొన్న పిల్లలు, లోకంలో లేని దేశాన్ని వేళ్లతో పట్టుకొని దాని చోటులో పెట్టవలసి వచ్చేది. ఆ 1766 నవంబరులోనే ఇక్కడ నిజాం అలీఖాన్‌కూ ఈస్టిండియా కంపెనీకీ నడుమ ఒడంబడిక జరిగినది. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి సర్కారులు కంపెనీ చేతికి వచ్చినవి. లండన్‌లో చెక్కమీద, తెలుగుతీరంలో కాగితంమీద ఒకే యేట గీతలు పడ్డవి. చెక్కముక్క గట్టిది, కాబట్టి దానిని పట్టుకొన్న పిల్లవానికి ఆ గీత కూడా కొండవలె, నదివలె సృష్టిలోనే ఉన్నదని తోచడం సహజం. ముక్కల పటం నేర్పిన భూగోళంలో ఇది మొదటి లోపం.

పందొమ్మిదవ శతాబ్దంలో పటం భూగోళాన్ని దాటి బైబిలు కథలకు, రాజుల వంశావళికి, నీతిచిత్రాలకు, పిమ్మట రైలుబండ్లకు, సంతలకు, జంతువులకు వ్యాపించినది. చిత్రంలో సరిహద్దులు ఉండవు. అందుచేత ఎక్కడ కోయాలన్న ప్రశ్నకు పనివాడే సమాధానం చెప్పుకోవలసి వచ్చినది. ఆ శతాబ్దపు ఉత్తరార్ధంలో కాలితో తొక్కి నడిపే రంపపుయంత్రం వచ్చినది. పొరలు పొరలుగా అతికిన ప్లైవుడ్ తరువాత వచ్చినది. మహాగని స్థానంలో చవుకైన, పగలని పలక దొరికినది. యంత్రం పేరే వినోదానికీ పేరై, ఇరువదవ శతాబ్దపు తొలి దశకంలో ‘జిగ్సా పజిల్’ అన్న మాట వాడుకలోకి వచ్చినది.

అప్పుడే ఇది పెద్దలకు పట్టుకొన్నది. 1908 ప్రాంతంలో అమెరికాలోని బోస్టన్ మొదలైన నగరాలలో ఈ వినోదం ఒక వెర్రిగా వ్యాపించినది. అయిదువందల ముక్కల పటం వెల అయిదు డాలర్లు. అప్పటి సామాన్య శ్రామికుని నెలజీతం ఏబది డాలర్లు. ఆటబొమ్మల సంస్థ పార్కర్ బ్రదర్స్ 1909లో తన తక్కిన ఆటల తయారీని ఆపి, కార్మాగారం యావత్తును కొయ్యపటాలకే వినియోగించినది. అక్కడ రంపం పట్టినవారు ప్రధానంగా యువతులు. ఒక్కొక్కరు రోజుకు పదునాలుగువందల ముక్కలు కోయవలెనని నియమం. చిత్రాన్ని చూస్తూ గీత గీయకుండానే రంపాన్ని నడిపేవారు. గుఱ్ఱం, గొడుగు, నక్షత్రం, అక్షరం వంటి ఆకారాలు గల బొమ్మముక్కలను మామూలు ముక్కల నడుమ దాచడం ఆ సంస్థ పటాలకు గుర్తింపు తెచ్చినది. ఆ యువతులలో ఎవరి పేరూ పెట్టెల మూతపై ఎక్కలేదు. పనితనం మాత్రం ముక్కలపై మిగిలి ఉన్నది.

1929లో మొదలైన ఆర్థికమాంద్యం ఈ వినోదాన్ని రెండు దారులలో నడిపినది. ఒక దారి అట్టపటం. ఉక్కు అచ్చుకత్తితో ఒకే నొక్కుడులో వందల ముక్కలు కోసే పద్ధతి వచ్చి, 1932లో వారం వారం క్రొత్త అట్టపటం ఇరువదియైదు సెంట్లకు వీధి దుకాణాలలో అమ్మకానికి వచ్చినది. 1933 ఆరంభంలో అమెరికాలో వారానికి కోటి పటాలు అమ్ముడుపోయినవి. రెండవ దారి కొయ్యపటం. పనిలేక ఇంట కూర్చున్న వడ్రంగులు, వాస్తుశిల్పులు రంపం తీసుకొని పటాలు కోసి, గ్రంథాలయాలకు, మందుల దుకాణాలకు ఇచ్చారు. అవి వాటిని పుస్తకాలవలె అద్దెకు ఇచ్చినవి. కడుపునిండని రోజులలో లక్షలాదిమంది ఈ ఆటకు ఎగబడడం పైకి వింతగా కనబడుతుంది. బయటి లోకంలో ఏదీ పూర్తికాని కాలంలో, ఇంటి బల్లపై ఒక పనిని పూర్తిచేసి చూసుకొనే భాగ్యం అది కలిగించినదని చెబితే ఆ వింత తీరుతుంది.

ఆ కష్టకాలంలోనే చేతికోత తన శిఖరాన్ని అందుకొన్నది. 1932లో న్యూయార్కు నగరంలో ఫ్రాంక్ వేర్, జాన్ హెన్రిక్స్ అనే ఇద్దరు మిత్రులు ‘పార్’ అన్న పేరుతో పటాలు కోయ నారంభించారు. వారు చిత్రంలోని రంగులు కలిసే అంచుల వెంబడి రంపాన్ని నడిపి, ఎఱ్ఱని ముక్క పక్కన ఏ రంగు వస్తుందో తెలియకుండా చేశారు. అంచులను తిన్నగా ఉంచక వంకరగా కోశారు. పెట్టెపై చిత్రం ముద్రింపక, దారి తప్పించే పేరు మాత్రమే పెట్టారు. సముద్రగుఱ్ఱం ఆకారంలో ఒక ముక్కను ప్రతి పటంలోనూ తమ సంతకంగా చేర్చారు. పటం కూర్చడానికి ఇంత కాలం చాలునని ఒక గడువు కూడా నిర్ణయించి, కూర్చేవారిని కవ్వించేవారు. ఈ సంప్రదాయాన్ని అందుకొని 1974లో వెర్మాంట్ రాష్ట్రంలో స్టీవ్ రిచర్డ్‌సన్, డేవ్ టిబెట్స్ అనేవారు తమ పేర్లను కలిపి ‘స్టేవ్’ అన్న సంస్థను స్థాపించారు. ఒకే ముక్క రెండుచోట్ల ఇమిడేటట్లు, ఒకే పటం పలువిధాలుగా కూడేటట్లు వారు చమత్కారాలు కల్పించారు. వారి పెద్ద పటాల వెల వేల డాలర్లకు చేరినది.

ఇటువంటి పటాన్ని అనుభవజ్ఞుడైన అభిరుచిపరుడు ఎట్లా పరీక్షిస్తాడో గమనింపదగినది. అతడు మొదట చిత్రాన్ని చూడడు, ముక్కను వెనుకకు తిప్పుతాడు. వెనుకవైపు పీచులు లేచి ఉంటే రంపపు పళ్లు మొద్దువారినవని, లేదా పనివాడు తొందరపడినాడని గ్రహిస్తాడు. పొరలు ఎన్ని ఉన్నవో, వాటి మధ్య సందులున్నవో అంచున చూస్తాడు. చవుక ప్లైవుడ్‌లో లోపలిపొర బోలుగా ఉంటే సన్నని బొడిపె అక్కడే విరుగుతుంది. తరువాత రెండు ముక్కలను కలిపి కోత వెడల్పును చూస్తాడు. రంపం ఎంత సన్ననిదైతే కోత అంత కనబడదు. మంచి పటంలో కూడిన ముక్కలు ఒకదానిని పట్టుకొని ఎత్తితే పక్కవి కూడా లేస్తాయి, అయినా ఊడదీయడానికి బలం ప్రయోగించనక్కరలేదు. మరీ బిగువైతే చిత్రపు కాగితం అంచున రేగుతుంది. మరీ వదులైతే ఆకాశమంతా ఒకే రంగుగా ఉన్నచోట సరియైన ముక్క ఏదో నిర్ధారించడం అసాధ్యమవుతుంది.

ఇవన్నీ పనితనానికి సంబంధించినవి. అసలు తీర్పు కోత కల్పనపై ఉంటుంది. కష్టం పెంచడం సులభం. చిత్రంలో సగం మంచుతో, సగం ఆకాశంతో నింపి, ముక్కలన్నింటినీ ఒకే ఆకారంలో కోస్తే ఎవరైనా వారాల తరబడి తికమకపడతారు. అటువంటి కష్టాన్ని పెద్దలు గౌరవించరు. న్యాయమైన కష్టంలో జవాబు ముక్కలోనే ఉంటుంది. చూచేవాని కన్ను దానిని దాటిపోతుంది, అంతే. తరువాత దొరికినప్పుడు తన తొందరపాటుకు నవ్వుకొంటాడుగాని, మోసపోయానని కోపగించుకోడు. బొమ్మముక్కల విషయంలోనూ ఇదే కొలత. సముద్రయానపు చిత్రంలో లంగరు ఆకారపు ముక్క వచ్చినదంటే అక్కడ పనివాడు ఏదో చెప్పినాడు. సంబంధంలేని ఏనుగు వచ్చినదంటే అతని వద్ద అచ్చు ఉన్నదని మాత్రమే తెలుస్తుంది. మూలలను రెండు ముక్కలుగా చీల్చడం, లోపలి ముక్కకు తిన్నని అంచు పెట్టి చివరిదని భ్రమింపజేయడం పాత యుక్తులే. ఒక్కొక్క పటంలో ఒకటి రెండుసార్లు వస్తే రుచి, ప్రతి మూలలోనూ వస్తే విసుగు. పెట్టెపై చిత్రం లేకపోవడాన్ని క్రొత్తవారు లోపంగా భావిస్తారు. పాతవారికి అదే పటం విలువ. చిత్రం ముందే తెలిసి ఉంటే వారు చేసేది పోల్చడం. తెలియకపోతే చేసేది ఊహించడం.

1990ల తరువాత ఈ లోకంలోకి లేజర్ ప్రవేశించినది. కంప్యూటరులో గీసిన గీత వెంబడి కాంతికిరణం చెక్కను కాల్చుతూ పోతుంది. అంచులు నల్లబడతాయి, పెట్టె తెరిచినప్పుడు కాలిన కొయ్య వాసన వస్తుంది. దీనివల్ల వందలాది ఇండ్లకు మంచి కొయ్యపటం అందే వెలకు వచ్చినదన్నది నిజం. అతి సన్నని బొమ్మముక్కలను కూడా లేజరు చెదరకుండా కోయగలదు. దానిని తక్కువచేసి మాట్లాడడం న్యాయం కాదు. భేదం మరియొక చోట ఉన్నది. లేజరు పటంలో గీత ఒక్కసారి గీయబడి వేయి పెట్టెలలో అదే విధంగా పునరావృత్తమవుతుంది. చేతికోత పటంలో పనివాడు ఆ చిత్రాన్ని ఎదుట పెట్టుకొని, ఆ మబ్బు ఎక్కడ తేలిపోతున్నదో, ఆ ముఖం ఎక్కడ నీడలోకి పోతున్నదో చూచి, రంపం నడుస్తుండగానే ఆ క్షణంలో నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయం మరొక పటంలో ఉండదు. కూర్చేవాడు నెలలు గడిచిన తరువాత ఒక్కొక్క ముక్క దగ్గర ఆగి, ఆ పనివాడు ఏమి తలచినాడో తలపోస్తాడు. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు మనుష్యుల మధ్య జరిగే ఈ సంభాషణకే అభిరుచిపరులు వెల ఇస్తున్నారు. కావుననే లేజరుతో కోసిన పటానికి ‘చేతిపని’ అన్న పేరు తగిలించినప్పుడు వారు నొచ్చుకొంటారు. ఆ పేరు ఒక పనివాని శ్రమకు చెందినది.

మన ఉపఖండంలో కొయ్యబొమ్మలు చెక్కే సంప్రదాయాలు ప్రాచీనమైనవి. చెక్కపటాన్ని ముక్కలుగా కోసి కూర్చే ఆట మాత్రం ఇక్కడికి పాఠశాల ద్వారానే వచ్చి, చిరకాలం పాఠశాలలోనే ఉండిపోయినది. దానికి ముఖ్యకారణం మారియా మాంటిసోరీ. దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే గడిపి, వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది. ఆమె పద్ధతిలోని బోధన వస్తువులలో ముక్కలకు చిన్న పిడులు గల కొయ్య భూపటాలు ఒకటి. స్పిల్స్‌బరీ నమ్మిన చేతిపాఠమే రెండు శతాబ్దాల తరువాత అడయారుకు చేరినది. దానితోపాటు పాత లోపమూ చేరినది.

ఈ దేశపు పటాన్ని కొయ్యపై కోసినవారికి విశ్రాంతి దొరకలేదు. 1947 జూలై 8న భారతదేశంలో మొదటిసారి కాలుపెట్టిన సిరిల్ రాడ్‌క్లిఫ్ అయిదారు వారాలలో గీసిన గీత ఆగస్టు 17న ప్రకటితమైనది. ఆ గీతకు రెండువైపులా లక్షలమంది ప్రాణాలు పోయినవి, కోటిమందికి పైగా ఇల్లు వదలి వెళ్లిపోయినారు. 1953లో ఆంధ్రరాష్ట్రం మద్రాసునుండి వేరుపడినది. 1956లో హైదరాబాదు సంస్థానపు ముక్క మూడుగా చీలి ఆంధ్రప్రదేశ్‌లో, బొంబాయిలో, మైసూరులో కలిసినది. 2000లో మూడు క్రొత్త రాష్ట్రాలు, 2014లో తెలంగాణ, 2019లో లడాఖ్ క్రొత్త ముక్కలైనవి. ప్రతిసారీ పాఠశాల బీరువాలోని పటం పాతబడినది. అన్ని గీతలనూ ఒకే కొలతతో చూడడం కూడా పొరపాటే. ప్రజలు తమ భాషకై, తమ ప్రాంతపు గౌరవానికై కోరి తెచ్చుకొన్న ఎల్లలు కొన్ని. ఎవరో దూరాన కూర్చుండి గీసినవి కొన్ని. చెక్కముక్కపై రెండూ ఒకేవిధంగా కనబడతాయి.

రంపానికే లొంగని సరిహద్దు కూడా ఈ గడ్డపై ఉండినది. కూచ్ బిహార్ ప్రాంతంలో బంగ్లాదేశ్ నడుమ 111 భారతీయ గ్రామఖండాలు, భారతదేశం నడుమ 51 బంగ్లాదేశ్ గ్రామఖండాలు చిక్కుకొని ఉండేవి. వీటిని చిట్‌మహల్ అనేవారు. దహలా ఖగ్రాబాడీ అన్న చోట, బంగ్లాదేశ్‌లోని భారతీయ ఖండంలోని బంగ్లాదేశ్ ఖండంలో మరల ఒక చిన్న భారతీయ పొలం ఉండేది. ముక్కలో ముక్కగా, దానిలో మరియొక ముక్కగా ఉన్న ఆ పటాన్ని ఏ కోతపనివాడూ కోయదలచడు. అక్కడ పుట్టినవారికి ఏ దేశపు పత్రాలూ సరిగా లేక, బడికి, ఆసుపత్రికి పోవడానికి కూడా పొరుగుదేశాన్ని దాటవలసి వచ్చేది. 1974 ఒప్పందం అమలులోకి వచ్చి, 2015 జూలై 31 అర్ధరాత్రి ఆ ఖండాలు పరస్పరం మారినవి. నలుబది యేండ్లకు పైగా ఆ కుటుంబాలు వేచి ఉన్నవి.

ఈ నేపథ్యంలో చూచినప్పుడు చేతికోత పటంలోని కోత మరియొక రీతిలో అర్థమవుతుంది. దానిలోని ప్రతి గీతా కలియడానికై కోసినది. బొడిపె ఒకవైపు, గుంట ఒకవైపు, రెండూ ఒకే రంపపు కదలికలో ఏర్పడినవి కావున ఒకటి లేక మరొకటి అర్థం లేనిది. వేరుచేసిన పనివానికి తిరిగి కూడే విధం కూడా తెలుసు, కూడకపోతే తప్పు తనదని కూడా తెలుసు. భూమిపై గీతలు గీసినవారిలో అంతటి బాధ్యత వహించినవారు తక్కువ.

కొయ్యపటాలు తరతరాలు నిలుస్తాయి. ఎనుబది, నూరేండ్ల నాటివి నేడు కూడా చేతులు మారుతున్నవి. పెట్టె మూతపై పూర్వపు యజమానులు తాము కూర్చిన తేదీనో, పోయిన ముక్కల లెక్కనో వ్రాసి ఉంచినవి వాటిలో కనబడతాయి. ముక్క పోయినప్పుడు దానిని పునరుద్ధరించేవారు ఉన్నారు. వారు మొదట తక్కిన పటమంతా పూర్తిగా కూర్చుతారు. మిగిలిన ఖాళీపై కాగితం ఉంచి దాని అంచును గీసుకొంటారు. అదే మందం గల చెక్కను వెదకి, ఆ గీతకు కొంచెం వెలుపలగా కోసి, సరిగా ఇమిడేవరకు ఆకురాయితో అరగదీస్తారు. చివరకు పక్కముక్కల రంగులు చూచి దానిపై రంగులు వేస్తారు. పోయిన ముక్క ఆకారం ఎప్పుడూ దాని ఇరుగుపొరుగు ముక్కలవద్దనే భద్రంగా ఉంటుంది. ఆ కారణంచేత అనుభవజ్ఞులు ఒక ముక్క లోపించినదని పటాన్ని పారవేయరు.